పులిసిన పాలు, పట్టిన ఊపిరి

ఉబ్బసం ఉన్న పిల్లవాడికి పెరుగన్నం పెట్టవచ్చునా అని అడిగే తల్లులు ఒకవైపు. చిన్న సీసాలలో అమ్మే పులియబెట్టిన పాల పానీయం రోజూ తాగితే తుమ్ములు, ముక్కు దిబ్బడ తగ్గుతాయట, ఇక ఇన్‌హేలర్ మానివేయవచ్చునా అని అడిగే నడివయస్కులు మరొకవైపు. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ వైద్యశాలలలో పనిచేసిన నన్ను ఈ రెండు ప్రశ్నలూ ఉద్యోగ విరమణ తరువాత కూడా వదలలేదు. ఒకరికి విషమనిపించినది మరొకరికి అమృతమనిపిస్తున్నది. ఈ నమ్మకాలు ఎక్కడ పుట్టాయి, ఏ దారిన నడిచి మన ఇంటికి వచ్చాయి, కొలిచి చూచినవారికి ఏమి కనిపించింది అన్నది ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను. కథ మన కవ్వం దగ్గర కాక, మధ్య ఆసియా గడ్డి మైదానాలలో, గుర్రపు పాలతో మొదలవుతుంది.

ఆడగుర్రం పాలను తోలుతిత్తిలో పోసి, పాత పులుపును తోడుగా వేసి, కర్రతో గంటల తరబడి చిలికితే తయారయ్యే పానీయం కుమిస్. మంగోలులు దానినే ఐరాగ్ అంటారు. గుర్రపు పాలలో ఆవు పాలకంటె చక్కెర ఎక్కువ, కేసీన్ అనే మాంసకృత్తు తక్కువ. అందుచేత అది మన పెరుగులాగా గడ్డకట్టదు. పలుచగా, నురగతో, పుల్లగా ఉంటుంది. పాలను పులియజేసే బాక్టీరియాతోపాటు ఈస్టు కూడా అందులో పనిచేస్తుంది కనుక నూటికి ఒకటి నుంచి మూడు పాళ్ల దాకా ఆల్కహాలు కూడా చేరుతుంది. 1253లో మంగోలుల రాజ్యంలో ప్రయాణించిన రూబ్రక్ విలియం అనే క్రైస్తవ సన్యాసి దీనిని చిలికే విధానాన్ని తన యాత్రావృత్తాంతంలో వర్ణించాడు. ఆ కాలంలో అది ఆహారమే, మందు కాదు.

అది మందుగా మారినది 19వ శతాబ్ది రష్యాలో. క్షయరోగం అప్పుడు యూరపు అంతటా ఇంటింటినీ తాకుతున్నది. మైదానాలలో తిరిగే బష్కీరు జాతివారికి క్షయ అంతగా రావడం లేదు, వారు కుమిస్ తాగుతున్నారు, కనుక కుమిస్ ఊపిరితిత్తులను కాపాడుతున్నది అని నాటి వైద్యులు తర్కించారు. తర్కం వినసొంపుగానే ఉంది. కాని బష్కీరులు ఇరుకు నగరాలలో, గాలి ఆడని గదులలో కాపురముండేవారు కారన్న సంగతిని ఆ తర్కం పక్కన పెట్టింది. 1858లో నెస్తర్ పోస్త్‌నికోవ్ అనే వైద్యుడు వోల్గా తీరంలోని సమారా పట్టణానికి సమీపంలో కుమిస్ చికిత్స కొరకు ప్రత్యేకంగా ఒక వైద్యశాల తెరిచాడు. రోగులు దూరప్రాంతాల నుంచి వచ్చి వేసవి అంతా అక్కడ ఉండి, రోజుకు సీసాల కొద్దీ కుమిస్ తాగి వెళ్లేవారు.

వారిలో మన పాఠకులకు బాగా తెలిసిన పేర్లు రెండున్నాయి. టాల్‌స్టాయ్ అన్నలిద్దరు, ద్మీత్రి 1856లో, నికొలాయ్ 1860లో, క్షయతోనే పోయారు. తనకూ అదే రాసిపెట్టి ఉందేమోనన్న భయంతో ఆయన 1862లో సమారా మైదానాలకు వెళ్లి బష్కీరుల గుడారాలలో ఉండి కుమిస్ తాగాడు. ఆయన 82 ఏళ్లు జీవించాడు. చెహోవ్ స్వయంగా వైద్యుడు. 1901లో వివాహమైన వెంటనే భార్యతో కలిసి ఉఫా ప్రాంతంలోని ఒక కుమిస్ వైద్యశాలకు వెళ్లాడు. అక్కడ ఉన్న కొద్ది వారాలలో బరువు పెరిగాడు. మూడేళ్ల తరువాత, 1904లో, 44 ఏళ్ల వయస్సులో క్షయతోనే కన్నుమూశాడు. ఒకే పానీయం, ఇద్దరు మహారచయితలు. టాల్‌స్టాయ్ కథ ఒక్కటే చెబితే కుమిస్ సంజీవని అవుతుంది, చెహోవ్ కథ ఒక్కటే చెబితే వట్టి పుల్లనీళ్లవుతుంది. రోగి ఒక్కడి కథతో మందు సంగతి తేలదని వైద్య విద్యార్థులకు చెప్పవలసి వచ్చినప్పుడు నేను ఈ ఇద్దరినే చెప్పేవాడిని.

కుమిస్ వైద్యశాలలో బరువు పెరగడం అబద్ధం కాదు. పుష్కలంగా పాల ఆహారం, విశ్రాంతి, పొడిగాలి, నగరపు పొగకు దూరంగా ఒక వేసవి. ఇన్నింటిలో ఏది పనిచేసిందో విడదీసి చూచే పద్ధతి నాటికి లేదు. మన మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం 1915లో మొదలైనప్పుడు కూడా చికిత్స అంటే ప్రధానంగా విశ్రాంతి, గాలి, పుష్టికరమైన భోజనమే. ఆ విడదీసే పని చివరకు జరిగినది మనకు పొరుగునే, మద్రాసులో. 1956లో అక్కడి క్షయ చికిత్సా పరిశోధన కేంద్రంలో రోగులను చీటీలు తీసినట్లుగా రెండు వర్గాలు చేశారు. ఒక వర్గాన్ని శానిటోరియంలో ఉంచి మంచి భోజనం, విశ్రాంతి ఇచ్చారు. రెండవ వర్గాన్ని వారి ఇరుకు ఇళ్లలోనే, వారి పేద భోజనంతోనే ఉండనిచ్చారు. మందులు మాత్రం ఇద్దరికీ ఒకటే: ఐసోనియాజిడ్, పాస్. ఏడాది గడిచాక చూస్తే రెండు వర్గాలవారూ దాదాపు సమానంగానే కోలుకున్నారు. 1959లో ఈ ఫలితాలు వెలువడిన తరువాత లోకమంతటా శానిటోరియముల అవసరం తగ్గిపోయింది. భోజనం వద్దని కాదు దీని అర్థం; ఆకలితో ఉన్న రోగికి భోజనం ఎప్పుడూ కావాలి. కాని క్రిమిని చంపినది మందు.

ఇంతవరకు చెప్పినది క్షయ సంగతి. అలర్జీ అనే మాట అప్పటికి ఈ కథలోకి రాలేదు, ఎందుకంటే ఆ మాటే లేదు. 1819లో జాన్ బోస్టాక్ అనే ఆంగ్ల వైద్యుడు ప్రతి వేసవిలో తనకు వచ్చే కళ్ల మంటను, తుమ్ములను, ఆయాసాన్ని వైద్యుల సభలో వివరించాడు. దానికి కారణం గడ్డి పుప్పొడి అని 1873లో మాంచెస్టరుకు చెందిన చార్లెస్ బ్లాక్లీ తన మీద తానే చేసుకున్న ప్రయోగాలతో నిరూపించాడు. 1906లో వియన్నా వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే ‘అలర్జీ’ అనే పదాన్ని కల్పించాడు. మన ఊళ్లలో చాలాకాలం దీనిని ‘ఇస్నోఫీలియా’ అనేవారు. రక్తపరీక్ష చీటీలో కనిపించిన కణం పేరే జబ్బు పేరయింది.

సరిగ్గా అదే కాలంలో పులిసిన పాల కథ కూడా మలుపు తిరిగింది. 1905లో జెనీవాలో చదువుకుంటున్న బల్గేరియా యువకుడు స్టామెన్ గ్రిగొరోవ్ తన దేశపు పెరుగులోని బాక్టీరియాను గుర్తించాడు. పారిస్ పాస్టర్ సంస్థలో ఉన్న మెచ్నికోవ్, పెద్దపేగులో కుళ్లు పుట్టించే క్రిములే ముసలితనాన్ని తొందరగా తెస్తాయనీ, పులిసిన పాలలోని క్రిములు వాటిని అణచివేస్తాయనీ 1907లో ప్రకటించిన గ్రంథంలో వాదించాడు. ఆ మరుసటి ఏడాది ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది, కాని అది పెరుగుకు కాదు, శరీర రక్షణ వ్యవస్థపై చేసిన పరిశోధనకు. ప్రచారకర్తలు ఈ రెంటినీ కలిపి చెప్పడం నేటికీ మానలేదు.

ఊపిరికీ పులిసిన పాలకూ మళ్లీ ముడి పడినది జపానులో. అక్కడికి వెళ్లేముందు మనకు సంతోషం కలిగించే ఒక పదం కథ చెప్పాలి. కైయున్ మిషిమా అనే బౌద్ధాలయ కుటుంబపు యువకుడు 20వ శతాబ్ది తొలి దశకంలో వ్యాపారార్థం మంగోలియా ప్రాంతానికి వెళ్లి, అక్కడివారు పులియబెట్టి దాచుకునే పుల్లని పాలు తాగాడు. ప్రయాణ బడలికతో చెడిన తన ఆరోగ్యం దానివల్లనే బాగుపడిందని ఆయన నమ్మాడు. స్వదేశానికి తిరిగి వచ్చి 1919 జులై 7న ‘కాల్పిస్’ అనే పానీయాన్ని విడుదల చేశాడు. ఆ పేరులో ‘కాల్’ అన్నది కాల్షియం. ‘పిస్’ అన్నది సంస్కృతపు ‘సర్పిస్’ నుంచి తీసుకున్నది. సర్పిస్సు అంటే నెయ్యి అని మీకు తెలిసినదే. సప్తసముద్రాలలో సర్పిస్సముద్రం ఒకటి గదా! పాల నుంచి నేతి సారం దాకా ఉన్న రుచులను బౌద్ధ గ్రంథాలు ధర్మబోధల మెట్లకు ఉపమానంగా చెబుతాయి. ఆ విధంగా మన నేతి పేరు బౌద్ధం వెంట జపాను చేరి ఒక సీసా మీదకు ఎక్కింది. 1930లో మినోరు షిరోటా అనే వైద్యుడు క్యోటోలో మరొక బాక్టీరియాను ఎంపిక చేసి పెంచాడు. 1935లో దానితో ‘యాకుల్ట్’ వచ్చింది. ఆయన లక్ష్యం పిల్లల పేగు వ్యాధులు. ఈ ఇద్దరిలో ఎవరూ తుమ్ముల గురించి ఆలోచించలేదు.

తుమ్ములు అడవి నుంచి వచ్చాయి. రెండవ ప్రపంచయుద్ధంలో బోడులైన కొండల మీద జపాను ప్రభుత్వం కలప కొరకు ‘సుగి’ అనే దేవదారు వంటి చెట్టును విస్తారంగా నాటించింది. ఆ చెట్టు దాదాపు ముప్పై ఏళ్ల వయస్సుకు వచ్చేసరికి పుప్పొడిని మేఘాలుగా వదలడం ప్రారంభిస్తుంది. 1964లో నిక్కో ప్రాంతపు రోగులలో ఈ పుప్పొడి అలర్జీని వైద్యులు తొలిసారి వర్ణించారు. 1998లో జరిపిన దేశవ్యాప్త పరిశీలనలో నూటికి 16 మందికి ఉన్న ఈ బాధ 2008 నాటికి 26 మందికి, 2019 నాటికి దాదాపు 39 మందికి విస్తరించింది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా దేశంలో మూడో వంతు కంటె ఎక్కువమంది ముక్కు తుడుచుకుంటూ ఉంటే, పాల పానీయాల కంపెనీల చూపు అటు పడకుండా ఉంటుందా?

వారికి ఒక సిద్ధాంతం కూడా దొరికింది. 1989లో డేవిడ్ స్ట్రాకన్ అనే ఆంగ్ల పరిశోధకుడు, 1958లో పుట్టిన 17 వేల పైచిలుకు బ్రిటిష్ పిల్లల వివరాలు పరిశీలించి, తోబుట్టువులు ఎక్కువగా ఉన్న ఇళ్లలో పుప్పొడి అలర్జీ తక్కువని చూపాడు. చిన్నతనంలో క్రిములతో పరిచయం లేకపోతే శరీర రక్షణ వ్యవస్థ పనిలేక పుప్పొడి మీద, దుమ్ము మీద కయ్యానికి దిగుతుందన్న ఊహ అక్కడ మొదలైంది. పోయిన క్రిముల స్థానంలో పెరుగు క్రిములను ఇస్తే? ఫిన్లండులోని టుర్కు నగరంలో అలర్జీ కుటుంబాల గర్భిణులకు, ఆ తరువాత వారి శిశువులకు ఒక లాక్టోబాసిల్లస్‌ను ఇచ్చి చూచారు. రెండేళ్ల వయస్సులో గజ్జి వంటి చర్మపు అలర్జీ సగానికి తగ్గిందని 2001లో లాన్సెట్ పత్రికలో ప్రకటించినప్పుడు ఎంత సంచలనం కలిగిందో నాకు గుర్తున్నది. ఆ పిల్లలకు ఏడేళ్లు వచ్చాక మళ్లీ పరీక్షించారు. చర్మం సంగతి అప్పటికీ మెరుగుగానే ఉంది. కాని ముక్కు అలర్జీ, ఉబ్బసం మాత్రం తగ్గలేదు సరికదా, క్రిములు తీసుకున్న పిల్లలలోనే కాస్త ఎక్కువ వైపు మొగ్గు కనబడింది. మొదటి వార్త విన్నవారిలో ఎందరు ఈ రెండవ వార్త విన్నారు?

ఇక పులిసిన పాలను నేరుగా తుమ్ముల మీద ప్రయోగించిన పరీక్షలు. 2005లో కాల్పిస్ వారి ఎల్-92 అనే బాక్టీరియాతో, ఏడాది పొడవునా ముక్కు అలర్జీతో బాధపడే 49 మందిపై ఎనిమిది వారాల పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. రోజుకు 100 మిల్లీలీటర్లు. కొందరికి ఆ బాక్టీరియా ఉన్న పానీయం, కొందరికి అది లేని ఉత్తుత్తి పానీయం. ఎవరికి ఏది అన్నది రోగికీ వైద్యుడికీ తెలియదు. బాక్టీరియా తాగినవారిలో ముక్కు బాధ తగ్గింది, లోపలి పొర వాపూ తగ్గింది. అయితే రక్తంలో అలర్జీకి గుర్తయిన ఐజీఈ మారలేదు. మరొక విశేషం, ఆ పానీయాన్ని వేడిచేసి ఇచ్చారు. అంటే అందులో ఉన్నవి చచ్చిన క్రిములు! ‘సజీవమైన మేలు క్రిములు’ అని ప్రకటనలలో చదివే మనకు ఇది కొంత విచిత్రంగానే ఉంటుంది.

షిరోటా గారి బాక్టీరియా కథ దీనికి తలకిందులు. సుగి పుప్పొడి అలర్జీ ఉన్నవారికి దానితో చేసిన పాల పానీయం ఇచ్చి చూచిన జపాను పరీక్ష 2007లో వెలువడింది. మొత్తం మీద బాధ ఆగలేదు. లక్షణాలు మధ్యస్థంగా, తీవ్రంగా ఉన్నవారిలో అవి మొదలుకావడం మాత్రం కొంత ఆలస్యమై ఉండవచ్చునని పరిశోధకులు అన్నారు. ఇంగ్లండులోని నార్విచ్‌లో గడ్డి పుప్పొడి రోగులు ఇరవై మందికి అయిదు నెలల పాటు ఇచ్చినప్పుడు ఐజీఈ తగ్గింది, ఇతర రక్షణ సంకేతాలు కూడా మారాయి. ఆశ కలిగింది. అదే బృందం 60 మందితో, పదహారు వారాల పాటు, మరింత పకడ్బందీగా మళ్లీ చేసి 2013లో ప్రకటించినప్పుడు ముక్కు లోపలి పొరలో కొన్ని రసాయన మార్పులు కనిపించాయి కాని రోగి బాధలో చెప్పుకోదగిన తేడా రాలేదు.

ఒకచోట ముక్కు మారి రక్తం మారలేదు, మరొకచోట రక్తం మారి ముక్కు మారలేదు. దీనిని బట్టి నా అభిప్రాయం ఇది: ఏదో ఒక చిన్న ప్రభావం ఉండవచ్చును, అది కూడా ఫలానా రకం బాక్టీరియాకే పరిమితం, మందుకు బదులుగా నిలబడగల ప్రభావం మాత్రం కాదు. ఈ రోగాల స్వభావమే తనంతట తాను పెరగడం, తగ్గడం. పుప్పొడి కాలం ముగిస్తే సుగి రోగికి ఏమి తాగినా, ఏమీ తాగకపోయినా తుమ్ములు ఆగుతాయి. మృగశిర కార్తె నాడు హైదరాబాదులో చేప మందు కొరకు బారులు తీరేవారిలో కొందరికి మేలు జరిగినట్లు తోచడానికీ ఇది ఒక కారణం. ఉత్తుత్తి పానీయం తాగిన వర్గం లేకుండా చేసిన పరీక్షను అందుకే నమ్మరాదు.

ఇక రెండవ ప్రశ్న, తల్లుల ప్రశ్న. పెరుగు కఫాన్ని పెంచుతుందన్నది మన ఆయుర్వేదంలో ఉన్న మాటే. రాత్రివేళ పెరుగు తినరాదని చరకసంహిత చెబుతుంది. అదే శాస్త్రం మజ్జిగను వేరుగా చూచింది. గ్రహణి, మొలలు వంటి వ్యాధులలో తక్రాన్ని గొప్ప పథ్యంగా చెప్పింది. 16వ శతాబ్దికి చెందిన భావప్రకాశం నీటి పాలును, వెన్న తీయడాన్ని బట్టి ఘోలం, మథితం, తక్రం, ఉదశ్విత్తు, ఛచ్ఛిక అని అయిదు రకాలు విడదీసింది. మన ఇళ్లలో ‘మజ్జిగ’ అన్న ఒక్క మాటలో ఇవన్నీ ఇమిడిపోయాయి. అయితే ఇవి ప్రధానంగా జీర్ణశక్తి కొరకు చెప్పిన మాటలు. తమకశ్వాసకు మజ్జిగే మందని ఇప్పుడు కొందరు ఆ గ్రంథాల పేరుతో ప్రచారం చేయడం ఆ గ్రంథాలకే అన్యాయం.

పాలు కఫాన్ని పుట్టిస్తాయా అన్నదానిని కూడా కొలిచి చూచారు. ఆస్ట్రేలియాలో 60 మంది ఆరోగ్యవంతులకు జలుబు వైరస్‌ను ముక్కులో వేసి, వారు రోజూ తాగిన పాలను లెక్కపెట్టి, వారు చీది పారవేసిన కాగితపు రుమాళ్లను తూకం వేశారు. ఒక్క గ్లాసు కూడా తాగనివారి నుంచి పదకొండు గ్లాసులు తాగినవారి దాకా ఉన్నారు. పాలకూ చీమిడికీ సంబంధం కనబడలేదని 1990లో రాశారు. తరువాత అదే పరిశోధకులు రుచిని మరుగుపరచిన ఆవుపాలు, సోయా పాలు ఇచ్చి చూస్తే, గొంతులో చిక్కగా అడ్డుపడినట్లుందని రెండింటికీ ఒకే విధంగా చెప్పారు. పాలు లాలాజలంతో కలిసినప్పుడు గొంతులో పలుచని పూతలాగా తోచడమే మనం కఫమనుకునేది. ఇవి పెరుగుపై చేసిన పరీక్షలు కావు. అయినా పెరుగుకు వేరే న్యాయం ఉండవలసిన కారణం నాకు కనబడదు. పాల మాంసకృత్తులకే అలర్జీ ఉన్న పిల్లల సంగతి వేరు. వారికి పాలు, పెరుగు, మజ్జిగ ఏది తిన్నా దద్దుర్లు, వాంతులు, ఒక్కొక్కప్పుడు ఆయాసం వస్తాయి. అది వైద్యుడు తేల్చవలసిన విషయం. అటువంటిది లేని ఉబ్బసపు పిల్లవాడికి పెరుగన్నం మాన్పించి, ఎదిగే వయస్సులో మాంసకృత్తులూ కాల్షియమూ తగ్గించడం వల్ల అతని ఊపిరికి కలిగే లాభం లేదు. ఫ్రిజ్‌లోనుంచి అప్పుడే తీసిన చల్లని పెరుగు తింటే దగ్గు వచ్చే పిల్లలున్నారు. వారికి కాసేపు బయట ఉంచి పెట్టండి, చాలును.

జిల్లా ఆసుపత్రిలో పనిచేసే రోజులలో, ఒక శీతకాలపు అర్ధరాత్రి, పెదవులు నీలంగా మారిన ఒక ఉపాధ్యాయుణ్ణి తీసుకువచ్చారు. మూడు నెలలుగా ఏదో పులియబెట్టిన పానీయం తాగుతూ, బాగానే ఉన్నదని, పీల్చే మందును ఆపివేశాడు. నెబ్యులైజర్, ఆక్సిజన్, స్టెరాయిడ్ ఇంజెక్షన్లతో తెల్లవారేసరికి మాట్లాడగలిగాడు. ఆ పానీయం ఆయనకు హాని చేయలేదు; మందు ఆపడం చేసింది. పీల్చే స్టెరాయిడ్ మందు శ్వాసనాళాల లోపలి వాపును అణచి ఉంచుతుంది. ఆపిన మర్నాడే ఆయాసం రాదు. వాపు వారాల తరబడి మెల్లగా పెరుగుతుంది. ఆ నడుమ తాగిన ప్రతిదీ పనిచేస్తున్నట్లే కనిపిస్తుంది.

జపానువారు ఇప్పుడు ఏమి చేస్తున్నారని మీకు సందేహం రావచ్చు. కార్యసాధక ఆహారాల పేరుతో సీసాల మీద రకరకాల వాగ్దానాలు రాసుకోవడానికి 2015 నుంచి అక్కడ వెసులుబాటు ఉంది, అమ్మకాలకు కొదువ లేదు. కాని వైద్యులు 2014 నుంచి సుగి పుప్పొడి సారాన్నే నాలుక కింద వేసే చికిత్స చేస్తున్నారు. అది మూడు నుంచి అయిదేళ్లు ఓపికగా తీసుకోవాలి. అటవీశాఖ పాత చెట్లను నరికి పుప్పొడి తక్కువగా విడిచే సుగి మొక్కలు నాటుతున్నది. మనకు సుగి లేదు, వయ్యారిభామ ఉంది. పూత రాకముందే, వాన కురిసి నేల మెత్తగా ఉన్నప్పుడు, చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకుని వేళ్లతో సహా పీకితే ఆ వీధిలోని ముక్కులకు కొంత ఉపశమనం. పీకే పని అలర్జీ ఉన్నవారు మాత్రం పెట్టుకోకండి.